పోతరాజు పాస్‌పోర్టు

హైదరాబాదు పాతబస్తీ ఛత్రినాకలో ఎవరి ఒంట్లో ఏ రోగముందో డాక్టర్లకు తెలుసేమో గానీ, ఎవరి ఆధార్ కార్డులో ఏ తప్పుందో మాత్రం వైకుంఠానికే తెలుసు. గుడి సందులో అతనికో ఆన్‌లైన్ దుకాణం ఉంది. ఒక కంప్యూటరు, ఒక స్కానరు, ఒక జెరాక్స్ మిషను, బయట రెండు ప్లాస్టిక్ కుర్చీలు. అంతే దుకాణం. రేషన్ కార్డు కావాలన్నా, ఇంటి పన్ను కట్టాలన్నా, పాస్‌పోర్టుకు పెట్టుకోవాలన్నా జనం అక్కడికే వస్తారు. వైకుంఠం నింపిన ఫారం తిరిగి రాదని పేరు. ఫలక్‌నుమా నుంచీ జల్‌పల్లి నుంచీ కూడా ఆటో ఎక్కి వచ్చేవాళ్ళున్నారు.

ఇంత మంచి పేరున్న మనిషికి ఒకే ఒక్క జబ్బు. బామ్మర్ది ప్రేమ్‌రాజ్‌ను చూస్తే కడుపు మండిపోతుంది.

పక్కింటివాడు మూడంతస్తులు లేపినా, ఎదురింటివాడు కారు కొన్నా వైకుంఠానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. ఉన్న కుళ్ళంతా ఒక్కడికే అట్టిపెట్టుకున్నాడు. వైకుంఠం భార్య సుశీలకు ప్రేమ్‌రాజ్ ఒక్కగానొక్క తమ్ముడు. ఫలక్‌నుమాలో వెల్డింగ్ పని చేస్తాడు. ఆదివారం పూట ఇంటికొచ్చి, "ఏం బావా, ఎట్లున్నవ్" అని భుజం మీద చెయ్యేస్తాడు. వైకుంఠం నవ్వుతాడు. ఆ నవ్వు నవ్వడానికి అతను పడే తిప్పలు పగవాడికి కూడా వద్దు.

కారణం లేకపోలేదు. పద్దెనిమిదేళ్ళు ఛత్రినాక బోనాలకు పోతరాజు వైకుంఠమే. ఒళ్ళంతా పసుపు, నడుముకు ఎర్రబట్ట, కాళ్ళకు గజ్జెలు, చేతిలో కొరడా. అమ్మవారి నైవేద్యం ఊరేగించే ఫలహారం బండికి ముందు అతను ఎగిరి దూకుతుంటే ఆడవాళ్ళు పిల్లల్ని వెనక్కి లాక్కునేవాళ్ళు, ముసలివాళ్ళు చేతులెత్తి మొక్కేవాళ్ళు. ఆ ఒక్క రోజు కోసం మిగతా ఏడాదంతా ఫారాలు నింపుకుంటూ బతికాడంటే అబద్ధం కాదు. తర్వాత ఒక ఏడు లాల్ దర్వాజా మలుపులో ఎగిరి దిగేసరికి మోకాలు పుటుక్కుమంది. డాక్టరు ఎక్స్‌రే చూసి, నడక నడవొచ్చు, దూకుడు మాత్రం కుదరదన్నాడు.

కొరడా ఎవరికో ఒకరికి ఇవ్వాలి కదా. బామ్మర్దికిచ్చాడు. డప్పు ఏ దెబ్బకు ఏ అడుగు వెయ్యాలో, కళ్ళు ఎట్లా ఉరమాలో, కొరడా తన ఒంటి మీద తానే ఎట్లా కొట్టుకోవాలో మూడు నెలలు కూర్చోబెట్టి నేర్పాడు. కూర్చున్నది వైకుంఠం, ఎగిరింది ప్రేమ్‌రాజ్. ఆ బోనాలనాడు వైకుంఠం గుడి అరుగు మీద కుర్చీ వేసుకుని చూశాడు. బామ్మర్ది బాగానే చేశాడు. చేస్తే చేశాడు గానీ, ఊరేగింపు మూడు వీధులు తిరిగి వచ్చేలోగా జనం పద్దెనిమిదేళ్ళ పోతరాజును మర్చిపోయారు. "గిట్ల ఎగిరెటోన్ని ఇంతవరకు చూడలే" అని పక్కనే నిలబడి ఒకాయన అన్నాడు. అది వైకుంఠం గుండెలో ముల్లులా దిగి అక్కడే ఉండిపోయింది.

అయినా దాన్ని ఎట్లాగో మింగేవాడే. మింగలేనిది అమెరికా.

నాలుగేళ్ళ కిందట న్యూజెర్సీలోని తెలంగాణవాళ్ళ సంఘం ఒకటి బోనాలు చేస్తూ, ఇక్కడి నుంచి పోతరాజులను పిలిపించుకోవాలనుకుంది. సంఘంలో అనురాగ్ అనే అతను చిన్నప్పుడు ఛత్రినాకలో పెరిగినవాడు. "గురువు, శిష్యుడు ఇద్దరూ రండి. పెద్దాయన పూజ చేయిస్తడు, చిన్నాయన ఆడుతడు" అన్నాడు. వీసాకు ఇద్దరి ఫారాలూ నింపింది వైకుంఠమే. అక్షరం తప్పు పోకుండా నింపాడు. ఇంటర్వ్యూకు తనకు కోటు కుట్టించుకున్నాడు, నలభై కాగితాలు ఫైలులో వరసగా పెట్టుకున్నాడు, జవాబులు బట్టీ పట్టాడు. తీరా అమెరికా కాన్సులేట్‌లో కిటికీ ముందు నిలబడ్డాక వాళ్ళు ఒక్క కాగితం కూడా అడగలేదు. అక్కడికి పోయి ఏం చేస్తావన్నారు. "సాంస్కృతిక కార్యక్రమం" అన్నాడు. ఇంకో రెండు ప్రశ్నలడిగి, వీసా ఇవ్వమని పాస్‌పోర్టు వెనక్కి ఇచ్చేశారు.

పక్క కిటికీలో ప్రేమ్‌రాజ్‌ను పోతరాజంటే ఎవరని అడిగారు. "అమ్మవారి తమ్ముడు మేడం" అని, చెంపలు పొంగించి, గుడ్లు తిప్పి ఒక్కసారి చూశాడట. లోపలున్నామె కుర్చీలో వెనక్కి వాలి నవ్వింది. పదేళ్ళ వీసా కొట్టింది.

పదేళ్ళు! వైకుంఠం ఆ మాట ఎవరి నోట విన్నా చెవిలో సీసం పోసినట్టుండేది. ఆ ఏడు ప్రేమ్‌రాజ్ ఒక్కడే పోయాడు. పైయేడూ పోయాడు, ఆపై ఏడూ పోయాడు, కిందటేడూ పోయాడు. తిరిగొచ్చిన ప్రతిసారీ బావకు చాక్లెట్లు, నొప్పుల మందు డబ్బా తెచ్చేవాడు. మందు వైకుంఠం మోకాలికి బాగానే పనిచేసేది. అది ఇంకా మంట.

ఇక పాస్‌పోర్టుకు పట్టిన గతి చెప్పాలి.

దసరా రోజు పనిముట్లకు పూజ చేయడం మనకు అలవాటే కదా. బండికి, కుట్టుమిషనుకు, త్రాసుకు, ఆఖరికి వైకుంఠం కంప్యూటరుకు కూడా బొట్టు పడుతుంది. కిందటి దసరాకు ప్రేమ్‌రాజ్ తన కొరడా, గజ్జెలు తెచ్చి అక్క ఇంట్లో పూజలో పెట్టాడు. వాటి పక్కనే పాస్‌పోర్టు కూడా పెట్టాడు. ఎవరైనా అయితే అట్ట మీద ఒక బొట్టు పెట్టి ఊరుకుందురు. సుశీల తెరిచి చూసింది. లోపల తమ్ముడి ఫోటో. స్టూడియోవాడు తుడిపించాడేమో, నుదురు బోసిగా ఉంది. బోసి నుదుటితో తమ్ముణ్ణి చూడలేకపోయింది. తడి పసుపు వేలితో అద్ది, దాని మీద ఇంత కుంకుమ పెట్టింది, ఫోటోలోని నుదుటికి. పైన నాలుగు చుక్కల పసుపు నీళ్ళు చల్లింది. మూసి, ఎర్రగుడ్డలో చుట్టి, దేవుడి అలమరలో భద్రంగా దాచింది. తమ్ముడు చల్లగా ఉండాలని మొక్కుకుంది కూడా. ఆ తర్వాత ఏప్రిల్ దాకా దాన్ని ఎవరూ విప్పలేదు.

ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం ప్రేమ్‌రాజ్ ఎర్రగుడ్డ మూటతోనే దుకాణానికి వచ్చాడు.

"బావా, అనురాగ్ అన్న ఫోన్ చేసిండు. టికెట్లు చేస్తరట, పాస్‌పోర్టు స్కాన్ చేసి పంపుమన్నడు."

వైకుంఠం తెరవబోతే తెరుచుకోలేదు. మొదటి పేజీలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. మెల్లగా గోటితో విడదీశాడు. ఫోటో మీది కుంకుమ నుదురు దాటి ముక్కు దాకా పాకింది. పుట్టిన తేదీ కనపడటం లేదు. అడుగున మిషను చదివే రెండు వరసల అక్షరాలు పసుపులో మునిగిపోయాయి. మీదిపొర చిరిగి చేతికొచ్చింది.

"ఇది చెల్లది రా ప్రేమ్" అన్నాడు.

అన్నప్పుడు అతనికి సంతోషం కలిగింది. దాచడమెందుకు, మస్తు సంతోషం కలిగింది. ఇన్నేళ్ళుగా గుండెలో ఉన్న ముల్లును ఎవరో పట్టుకారుతో తీసేసినట్టయింది. ముఖంలో కనపడకుండా స్కానరు వైపు తిరిగాడు.

"మరి వీసా, బావా?" ప్రేమ్‌రాజ్ గబగబా మధ్య పేజీలు తిప్పాడు. వీసా పేజీకి ఒక్క మరక లేదు. నిన్న అంటించినట్టుంది.

వైకుంఠానికి దీని సంగతి తెలుసు. ఎట్లా తెలుసంటే, కిందటేడు బ్యాంకు మేనేజరు సుచరిత మేడం పాస్‌పోర్టు బట్టలతోపాటు వాషింగ్ మిషన్లో పడింది. చెడిపోయిన పాస్‌పోర్టుకు బదులు కొత్తది కావాలని దరఖాస్తు పెట్టించింది వైకుంఠమే. కొత్తది వచ్చింది, పాతది మూల కత్తిరించి తిరిగిచ్చారు. పాతదాంట్లోని వీసా చెక్కుచెదరలేదు కాబట్టి అది చెల్లుతుంది. ఆమె రెండు పుస్తకాలూ పట్టుకుని అమెరికా పోయి, కూతురి పురుడు చూసుకుని వచ్చింది. తన పేరెంత తెలుసో వైకుంఠానికి ఈ విషయం అంత తెలుసు.

నోరు తెరిచాడు. ఆ నోట్లోంచి ఇది వచ్చింది:

"పాస్‌పోర్టే ఖరాబైనంక వీసా యాడుంటది? అది గూడ పోయినట్టే."

"మల్ల ఇంటర్వ్యూకు పోవాల్నా?"

"పోవాలె. ఇప్పుడు పెడితే తారీకు వచ్చే ఏడు దొరుకుతది."

ప్రేమ్‌రాజ్ ప్లాస్టిక్ కుర్చీలో కూలబడ్డాడు. లొల్లి చేస్తాడేమో, తిడతాడేమో అని వైకుంఠం చూశాడు. చేసి ఉంటే బాగుండేది. ప్రేమ్‌రాజ్ ఫోటో మీది కుంకుమను కాసేపు చూసి, పుస్తకం మూసి, "పోనీ తీ బావా. అక్కకు మాత్రం చెప్పకు. తన బొట్టుతోనే గిట్లయిందంటే తట్టుకోలేదు" అని లేచి వెళ్ళిపోయాడు.

చూశారా, పోతూ పోతూ కూడా మంచివాడనిపించుకున్నాడు! వైకుంఠానికి ఒళ్ళు మండింది. మనిషన్నవాడికి కష్టమొస్తే కాస్త చెడ్డగా ప్రవర్తించాలి. అప్పుడు చూసేవాడికి కొంచెం సుఖంగా ఉంటుంది.

సుశీలకు ఎవరూ చెప్పకుండా ఆగితే కదా. ప్రేమ్‌రాజ్ భార్య రూప ఫోన్లో చెప్పనే చెప్పింది. ఆ మర్నాటి నుంచి సుశీల ఏడుపు మొదలైంది. బియ్యం ఏరుతూ ఏడ్చేది, బట్టలు ఆరేస్తూ ఏడ్చేది. ఎవరన్నా అడిగితే, "నా చేతులతోని నా తమ్ముని నోట్ల మన్ను కొట్టిన" అనేది. వైకుంఠం అన్నం ముందు కూర్చుంటే వడ్డించి, మాట్లాడకుండా లోపలికి పోయేది. "ఊకో, నువ్వు కావాల్నని చేసినవా ఏంది" అని ఓదార్చేవాడు. ఓదారుస్తున్నకొద్దీ ఆమె అతని వంక అదోలా చూసి, ఇంకా ఏడ్చేది. ఒక్క మాట చెబితే ఆ ఏడుపు ఆగిపోతుందని అతనికి తెలుసు. కానీ ఆ మాట చెబితే బామ్మర్ది విమానమెక్కుతాడు.

అట్లా పది రోజులు నడిచాయి. పదకొండో రోజు దుకాణానికి ఒక కుర్రవాడొచ్చాడు. పేరు చింటూ. జల్‌పల్లిలో జిమ్ నడుపుతాడు. కండలు బనీను చించుకుని బయటికొచ్చేట్టున్నాయి. ఫోన్లో వీడియోలు పెట్టి పేరు తెచ్చుకున్నవాడు.

"అంకుల్, ప్రేమ్‌రాజ్ అన్న రాలేనన్నడట గద, న్యూజెర్సీ బోనాలకు పోతరాజుగ నన్ను తీస్కుంటున్నరు. మీ అనురాగ్ సారే మీ దగ్గర చేయించుకోమన్నడు. వీసా ఫికర్ లేదు, మా పిన్ని దగ్గరికి పోయొచ్చినప్పటిది ఉంది. నా గురించి ఇంగ్లీషుల ఒక పేజీ రాసియ్యాలె."

వైకుంఠం కీబోర్డు ముందుకు లాక్కున్నాడు. "ఎన్నేండ్ల సంది కడుతున్నవ్ పోతరాజు?"

"పోయినేడే కట్టిన అంకుల్. అది ఇరవై రాయుండ్రి, అక్కడోళ్ళకేం తెలుస్తది." చింటూ అద్దంలా ఫోన్లో తన మొహం చూసుకుంటూ అడిగాడు. "ఇంగొకటి. పోతరాజు అమ్మవారికి ఏమైతడు? తమ్ముడా, మొగుడా? స్టేజీ మీద అడుగుతరట."

వైకుంఠం కీబోర్డును పక్కకు నెట్టాడు.

అప్పుడతనికి తన కుళ్ళు గురించి కొత్త సంగతి ఒకటి తెలిసొచ్చింది. ప్రేమ్‌రాజ్ మీద మండేది. ఎంత మండినా, అక్కడ అమెరికాలో ఎగిరేవి వైకుంఠం నేర్పిన అడుగులే. ఆ ఉరిమే కళ్ళు వైకుంఠం కళ్ళే. ఇప్పుడు ఈ కండలవాడు పోతే వైకుంఠం అనేవాడు అక్కడ చెంచాడైనా మిగలడు. బామ్మర్ది మీద కుళ్ళు ఇంట్లో కుళ్ళు. వీడి మీద పుట్టింది మాత్రం భరించలేని మంట.

"కరెంటు పోయేటట్టున్నది, రేపు రా" అని చింటూను పంపించేశాడు. ఫ్యాను గిర్రున తిరుగుతూనే ఉంది. చింటూ దానికేసి ఒకసారి చూసి వెళ్ళిపోయాడు.

వైకుంఠం షట్టరు దించి, కుంటుకుంటూ వెళ్ళి ఆటో ఎక్కి, ఫలక్‌నుమా స్టేషను వెనక ప్రేమ్‌రాజ్ పనిచేసే షెడ్డు ముందు దిగాడు. ప్రేమ్‌రాజ్ కళ్ళకున్న అద్దాలు తీసి పరుగున వచ్చాడు.

"ఏమైంది బావా? అక్క మంచిగున్నదా?"

"మంచిగనే ఉన్నది. నీ వీసా పోలేదు రా."

"పోయిందంటివి గద?"

వైకుంఠం గేటుకు చేసిన కొత్త వెల్డింగు వైపు చూస్తూ, "మల్ల చూసిన. రూలు వేరే ఉన్నది" అన్నాడు. నిజం అక్కడే చెప్పేద్దామనుకున్నాడు. నోరు రాలేదు. ప్రేమ్‌రాజ్ ఆనందం పట్టలేక మసి చేతులతోనే వాటేసుకున్నాడు. చొక్కా పాడైంది. అది చొక్కాకు తగిన శాస్తేననిపించింది వైకుంఠానికి.

ఇక పని మొదలుపెడితే వైకుంఠాన్ని మించినవాడు లేడు. ఫారంలో 'పోయింది' అని కాకుండా 'చెడిపోయింది' అన్న గడిలో టిక్కు పెట్టాడు. పోయిందని పెడితే పాత పుస్తకమూ వీసా రెండూ చెల్లకుండా పోతాయని బామ్మర్దికి విడమరిచి చెప్పాడు. ఎట్లా చెడిపోయిందో వివరంగా ఒక ఉత్తరం రాయాలి. నీళ్ళు పడ్డాయని రాద్దామా అన్నాడు ప్రేమ్‌రాజ్. "ఉన్నదున్నట్టు రాయాలె. అబద్ధం ఎప్పటికైనా ముంచుతది" అన్నాడు వైకుంఠం. అన్నాక తన మాట తనకే వినిపించి, తలొంచుకుని రాయడం మొదలుపెట్టాడు. ఇద్దరూ కలిసి టోలిచౌకి పాస్‌పోర్టు కేంద్రానికి వెళ్ళారు. వైకుంఠాన్ని లోపలికి రానివ్వలేదు, బయట చెట్టు నీడన నిలబడ్డాడు. లోపల జరిగింది ప్రేమ్‌రాజ్ వచ్చి చెప్పాడు.

"ఆఫీసరు ఉత్తరం చదివి, ఫోటో చూసి, 'కుంకుమ మొహానికి పెట్టాలి గానీ పాస్‌పోర్టుకు పెడతారా' అన్నడు బావా. అక్క పెట్టింది సార్ అన్న. నవ్విండు. వీసా పేజీ వెలుతురుకు పెట్టి చూసిండు. దాని జోలికి పోకుండ పాతది క్యాన్సిల్ చేస్తరట. ఇగ పోలీసోళ్ళు ఇంటికొస్తరట, అంతే."

పోలీసు వచ్చాడు, చూసుకుని పోయాడు. మూడు వారాలకు పోస్టులో కొత్త పాస్‌పోర్టు వచ్చింది. పాతది అట్ట మూల కత్తిరించి చేతికిచ్చారు. లోపల వీసా పెళ్ళికూతురిలా కూర్చుని ఉంది. వైకుంఠం రెండూ స్కాన్ చేసి అనురాగ్‌కు పంపాడు. గంట తిరక్కుండా చింటూ వద్దు, మన ప్రేమ్‌రాజే అని కబురొచ్చింది.

ఇంతటితో అయిపోతే బాగానే ఉండును. సుశీల ఊరుకుంటే కదా. పూలమ్మే నీలమ్మ దగ్గర్నుంచి గుడి పూజారి దాకా అందరికీ చెప్పుకొచ్చింది. "మా ఆయన తిరిగిండు. రూలు మొత్తం ఎతికి తీసిండు. ఆయన లేకుంటే నా తమ్ముని పని అయిపోతుండె." ఎదురుపడ్డవాళ్ళంతా, "బామ్మర్దిని కొడుకులెక్క చూస్కుంటున్నవ్ అన్నా" అంటుంటే వైకుంఠానికి ఆ మెప్పు కారం రాసినట్టుండేది. ఒక పక్క సిగ్గు. ఇంకో పక్క, ఇంత జరిగినా వాడే గదా పోయేది, నేను కాదు గదా అన్న పాత మంట. అది ఎక్కడికీ పోలేదు.

ప్రయాణం ముందు రోజు మధ్యాహ్నం సుశీల తలకాయ కూర వండింది. తమ్ముడు తిని, బట్టలు సర్దుకోవాలని వెళ్ళిపోయాడు. వైకుంఠం కంచం ముందు కూర్చున్నాడు. అన్నం కలిపాడు గానీ ముద్ద ఎత్తలేదు.

"సుశీలా, నీకొక మాట చెప్పాలె."

ఆమె గరిటె పట్టుకుని నిలబడింది.

"ప్రేమ్ ఆ ఎర్రగుడ్డ పట్టుకొచ్చిన నాడే నాకెరుకే. వీసాకు ఏంగాలేదని ఎరుకే. ఎరుకుండి గూడ పోయిందన్న."

వాకిట్లో ఎవరిదో ఆటో రివర్సు చేస్తున్న చప్పుడు. సుశీల గరిటె గిన్నెలో పెట్టి, అక్కడే పీట వాల్చుకుని కూర్చుంది.

"అబద్ధమని నాకు ఎరుక లేకుండె" అంది. "సంతోషమని మాత్రం ఎరుకే."

వైకుంఠం తలెత్తాడు.

"ఆ దినం నువ్వు ఇంటికొచ్చి రెండు సార్లు అన్నం వెట్టిచ్చుకున్నవ్. పప్పు మంచిగైంది అన్నవ్. చేతులు కడుగుతుంటే నోట్ల ఏదో పాట. నాలుగేండ్ల సంది నిన్ను నేను గట్ల చూడలే. ఏమైందో, ఎంత మంచి జరిగిందో అనుకున్న. తెల్లారి రూప ఫోన్ చేసింది."

"మరి గన్ని దినాలు ఏడిస్తివి... బొట్టు పెట్టిన, తమ్ముని వీసా పోగొట్టిన అని..."

"అది అందరికి చెప్పిన మాట." ఆమె గొంతులో కోపం లేదు. కోపమైతే అతను తట్టుకునేవాడు. "నా తమ్మునికి చెడు జరిగిన దినమే నా మొగనికి కడుపు నిండ అన్నం పోయిందని ఎవలికి చెప్పుకోవాలె?"

వైకుంఠం కంచం పక్కకు జరిపాడు. మోకాలు, కోటు, నలభై కాగితాలు, పదేళ్ళ వీసా, అన్నీ చెప్పి వాదించవచ్చు. నిజానికి నాలుగేళ్ళుగా మనసులో అదే వాదన చేస్తున్నాడు. ఇప్పుడు మాత్రం చెయ్యి కడుక్కోవడానికి లేవబోయాడు.

సుశీల అతని మణికట్టు పట్టుకుని కూర్చోబెట్టింది. గిన్నెలోంచి ఇంకో ముక్క తీసి కంచంలో వేసింది.

"తిను" అంది. "వాడు సంతోషంగ ఉన్న దినం గూడ నువ్వు తినంగ నేను చూడాలె."

వైకుంఠం ముద్ద ఎత్తాడు. ఆమె లేవలేదు. అతను ముద్ద మింగేదాకా ఎదురుగా కూర్చుని చూస్తూనే ఉంది.